బేకరీ మూల

ఎనభై ఆరులో మా నాన్న ఎమ్రిస్ కొన్న కారు
చెకోస్లొవేకియాది. ఉడికిన బీట్‌రూట్ రంగు.
ఇంజను వెనక, సామాన్ల చోటు ముందు.
లానెల్లీ కొండరోడ్డు మీద ఎదురుగాలికి
మూతి పైకి లేస్తోందని
ముందు ఓ ఇసుక బస్తా వేసుకుని తిరిగేవాడు.
తగరపు రేకుల మిల్లు ఇచ్చే జీతానికి
కొత్త కారంటే అదే.

"స్కోడా" అన్న మాట పూర్తవకుండానే
పబ్‌లో సగంమంది నవ్వేసేవాళ్ళు.
హారన్ పోతే దగ్గుతే సరిపోతుందన్నారు.
తాళం దేనికి, దొంగకే జాలేసి
ఏదో ఒకటి పెట్టి పోతాడన్నారు.
నాన్నా నవ్వేవాడు,
అందరికంటే ఒక క్షణం ముందే.
అలా ముందే నవ్వడం ఒక విద్య అని
నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను మాత్రం
"బేకరీ మూల దగ్గర దింపెయ్ నాన్నా,
ఫ్రెండు వస్తానంది" అనేదాన్ని.
ఎన్నడూ రాని ఆ పిల్ల కోసం
నాలుగేళ్ళు ఆ మూల దగ్గరే ఆపాడు.
దాని పేరేమిటని ఒక్కసారీ అడగలేదు.

మొన్న శనివారం స్వాన్సీలో
అదే రెక్కల బాణం గుర్తు,
అద్దాల మేడలో, దీపాల కింద.
నేను, గెథిన్, ముగ్గురు పిల్లలు,
వాళ్ళ నానమ్మా, ఆమె చక్రాల ఊతకర్రా, కుక్కా:
ఇంతమందిమి పట్టే బండి కావాలి మాకు.
తలుపులో గొడుక్కి గూడు కూడా ఉంది.
సేల్స్ కుర్రాడు ఆ జోకులన్నీ
చచ్చిపోయాక పుట్టినవాడు.
"ఈ పేరంటేనే నమ్మకం మేడమ్" అన్నాడు,
ధర కాగితం మా వైపు తిప్పాడు.
గెథిన్ దగ్గాడు.
నిజమే, హారన్‌లాగే పనిచేసింది.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయంటారు.
ఓడైన బండికి
టికెట్టు ఎంతో మాత్రం ఎవరూ చెప్పరు.

రౌండబౌట్‌కి అవతల,
నిన్నమొన్నటిదాకా తివాచీలమ్మిన షెడ్డులో
చైనా నుంచి వచ్చిన ఓ కొత్త పేరు.
ఎలా పలకాలో బోర్డు కట్టినవాడికీ తెలీదు.
ఏడు సీట్లు. ఏడేళ్ళ వారంటీ.
పక్కింటి డెలిత్ కంచె మీదుగా,
"బోల్టు ఊడితే సముద్రం దాటి వెళ్ళి తెచ్చుకుంటావా?"
మరిది హవెల్ ఇంకా గట్టిగా నవ్వాడు.
వాడు నడిపేది కొరియా బండి.
మొదట కొన్నప్పుడు వాడి పెళ్ళాం
దాన్ని ఇంటి ముందు కాక
వెనక సందులో పెట్టమంది.
అత్తైపోయిన కోడలికి
కోడలికాలం గుర్తుండదు కదా.

కొన్నాం. బూడిద రంగు.
ఇరవై దాటితే చాలు, పిచ్చుకలా కీచుమంటుంది.
దాని నోరు ఎలా మూయించాలో
వంద పేజీల పుస్తకంలో ఇంకా వెతుకుతున్నాం.

సోమవారం పొద్దున వాన.
పక్కన మాక్సెన్, పదమూడేళ్ళవాడు.
బేకరీ ఇప్పుడు గోళ్ళకి రంగులేసే షాపు.
ఆ మూల రాగానే
నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.
ఇండికేటర్ టిక్కు టిక్కుమంటోంది.
వాడు ఫోన్‌లోంచి తలెత్తాడు.
"ఇక్కడెందుకాపావ్?"
"నీ ఫ్రెండెవరైనా..."
"ఎవరు?"
నా దగ్గర పేరు లేదు.
"గేటు దాకా పోనీ అమ్మా, తడిసిపోతాను."

గేటు దగ్గర గొడుగు కింద ఒకాయన
వంగి బ్యాడ్జి చదువుతున్నాడు,
పెదవులు కదుపుతూ, కూడబలుక్కుంటూ.
నేను అద్దం దించి
ఒక క్షణం ముందే నవ్వేశాను.
ఆయన నవ్వలేదు.
"లోపల ఎంతమంది పడతారండీ?" అన్నాడు.
"ఏడుగురు" అన్నాను.
"ఇసుక బస్తా అక్కర్లేదు."